గైర్‌హాజరు – పద్నాలుగో భాగం: మూడు పిలుపులు

పన్నెండు రోజులుగా రూప ఒకే అబద్ధం చెబుతోంది.

సాయంత్రం ఆరు కాగానే అడ్వకేట్ శ్రీపాద తన గదిలోంచి కళ్లద్దాలు తుడుచుకుంటూ బయటికి వస్తాడు. "టపా ఏమన్న వచ్చిందా అమ్మా?" అని అడుగుతాడు. "ఏం లేదు సార్," అంటుంది రూప. ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకు నాలుక కింద చింతపండు రెబ్బ దాచుకున్నట్టు ఉంటుంది. ముందు పులుపు, ఆ వెంటనే నోరంతా ఊరే సుఖం. ఇంటికి చేరేదాకా దాన్ని చప్పరిస్తూనే పోతుంది.

టపా వచ్చింది. రిజిస్టర్డ్ పోస్టులో, న్యాయవాదుల మీద ఫిర్యాదులు విచారించే కమిటీ నుంచి. తన కేసు తేదీ తనకు చెప్పకుండా, అడిగినప్పుడల్లా ఇంకా పడలేదని బొంకి, చివరికి స్థలం పోయేలా చేశాడని శ్రీపాద మీద డానియేలు అనే డెబ్బై ఒక్క ఏళ్ల ముసలాయన పెట్టిన ఫిర్యాదు. విచారణ ఈ శుక్రవారం పొద్దున పదిన్నరకు. ఇద్దరూ స్వయంగా హాజరు కావాలి. పోస్ట్‌మ్యాన్ ఎల్లేష్ చూపించిన చోట సంతకం పెట్టి ఆ కవరు తీసుకున్న రూప, దాన్ని హ్యాండ్‌బ్యాగులో టిఫిన్ డబ్బా కిందికి తోసేసింది.

డానియేలు రూప తండ్రి. అది శ్రీపాదకు తెలియదనే ఆమె నమ్మకం. ఎనిమిది నెలల కిందట షాలిబండలోని ఈ ఆఫీసులో టైపిస్టుగా చేరినప్పుడు, భర్త పేరు కలుపుకుని రూపా ప్రేమ్‌రాజ్ అని మాత్రమే చెప్పింది. తండ్రికి చెప్పింది ఇంకొకటి: బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో కంప్యూటర్ పని.

ఇవాళ గురువారం. రేపు పదిన్నరకు ఏం జరుగుతుందో రూప కళ్లు మూసుకుని చెప్పగలదు. కమిటీ ఆఫీసు వరండాలోకి ఒక జవాను వచ్చి శ్రీపాద పేరు పిలుస్తాడు. జవాబుండదు. మళ్లీ పిలుస్తాడు. మూడోసారి గొంతు కొంచెం పెంచుతాడు. ఆ సమయానికి శ్రీపాద ఇక్కడే, ఈ ఫ్యాను కింద, నొప్పి మోకాలికి నూనె రాసుకుంటూ కూర్చుని ఉంటాడు. అక్కడ కాగితం మీద ఒక మాట పడుతుంది. గైర్‌హాజరు.

మూడేళ్ల కిందట అదే మాట ఆమె తండ్రి పేరు పక్కన పడింది. కోర్టు నుంచి నకలు తెచ్చుకుని చదివింది రూప. "ప్రతివాదిని మూడుసార్లు పిలవడమైనది. గైర్‌హాజరు." చదివిన మొదటిరోజు ఆమెకు నవ్వొచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు పాతబస్తీ గల్లీలకు నల్లా నీళ్లు వదిలిన లైన్‌మన్ డానియేలు. మొఘల్‌పురాకు నాలుగున్నర, సుల్తాన్‌షాహీకి ఐదు పది, గౌలిపురాకు ఆరు. ఆయన వచ్చి వాల్వు తిప్పితేనే బిందెలు నిండేవి. పెళ్లాం చనిపోయిన మర్నాడు కూడా వాల్వు తిప్పి వచ్చి ఏడ్చిన మనిషి. ఆయన రాలేదట!

ఆ పూట ఆయన జల్‌పల్లిలోని తన జాగా దగ్గర ఉన్నాడు. ఆ చిన్న జాగా తనదని వేరొకడు దావా వేస్తే, దాని మీదే కేసు. ఏ గోడ కోసం కోర్టులో ఆయన పేరు పిలుస్తున్నారో, ఆ గోడకే సున్నం వేస్తూ నిలబడ్డాడు. నాలుగు నెలల తర్వాత కోర్టు మనుషులు యంత్రం తెచ్చి ఆ గోడ పడగొట్టిన రోజున డానియేలు ఎవరినీ తిట్టలేదు. చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. మళ్లీ కట్టుకోలేదు. ఇంట్లో ఎవరైనా టైమెంత అని అడిగితే ఇప్పటికీ మొహం అటు తిప్పుకుంటాడు.

"సార్ మంచోడు బిడ్డా. మరిచిపోయి ఉంటడు," అంటాడు. ఆ మాట విన్నప్పుడు రూపకు తండ్రి మీద కూడా మండుతుంది. ఎంత మండుతుందో ఆమె సరిగ్గా ఎప్పుడూ చూసుకోలేదు.

అందుకే ఫిర్యాదు సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే ఆ సాయంత్రమే శ్రీపాద కాళ్లమీద పడి వచ్చేవాడు. నవంబరులో పెన్షన్ కోసం, బతికే ఉన్నానని ఏటా సంతకం చేసి ఇచ్చే కాగితాలుంటాయి. వాటి మధ్య ఫిర్యాదు పెట్టి సంతకం తీసుకుంది. ఆయన పేరున ఇంటికి వచ్చిన నోటీసు కూడా ఇప్పుడు ఆమె బ్యాగులోనే ఉంది. దాని పక్కన ఒక డాక్టరు చీటీ: డానియేలుకు విషజ్వరం, వారం రోజులు మంచం దిగకూడదు. రేపు ఆ చీటీ పట్టుకుని తండ్రి తరఫున అన్న కృపాకర్ వెళతాడు. బస్ డిపోలో సగం రోజు సెలవు కూడా పెట్టాడు. డానియేలు మాత్రం పొద్దున రెండు కోడిగుడ్లు తిని, పక్కింటివాళ్ల నల్లా బాగు చేయడానికి పోయాడు.

---

మధ్యాహ్నం రెండున్నరకు గుమాస్తా బాలనర్సింహ కోర్టుకు బయల్దేరుతూ కొత్త సంవత్సరం డైరీ తెచ్చి రూప టేబుల్ మీద పడేశాడు.

"రూపమ్మా, కొత్త సాల్ డైరీ వచ్చింది. పాతదాని ఎన్క పేజీల డేట్లన్ని ఇండ్ల ఎక్కియ్యి. జర నిమ్మళంగ ఎక్కియ్యి. ఒక్కటి ఇడిసిపెట్టినవనుకో, యాడనో ఒకని ఇల్లు కూలుతది."

"గంత మాటనా బాలనర్సన్నా?"

"మరేందనుకున్నవ్? ఈ షహర్ల వకీళ్లు ఓడగొట్టిన కేసులు తక్కువ. డైరీలు ఓడగొట్టినయే మస్తు." ఆయన పాన్ నోటితో నవ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు.

డిసెంబరులో కోర్టు ఇచ్చేవన్నీ జనవరి తేదీలు. అప్పటికి కొత్త డైరీ చేతికి రాదు. అందుకని వాటిని పాత డైరీ చివర ఉన్న ఖాళీ పేజీల్లో రాసిపెడతారు. కొత్తది రాగానే ఎక్కించి, ఎక్కించినదాని పక్కన ఎర్ర టిక్కు పెడతారు. రూపకు ఇది మొదటి డిసెంబరు. ఒక్కొక్క కేసూ ఎక్కిస్తూ, టిక్కు పెడుతూ, ఇరవై దాటింది. ఇరవై ఒకటో కేసు దగ్గర కలం ఆగింది.

జనవరి. తండ్రిని గైర్‌హాజరు వేసింది జనవరి పందొమ్మిదినే.

ఆమె లేచి చెక్క బీరువా తెరిచింది. శ్రీపాద ముప్పై నాలుగేళ్ల డైరీలూ అందులో వరసగా ఉంటాయి. మూడేళ్ల కిందటి రెండు డైరీలు, పాతదీ దాని తర్వాతదీ, దులిపి టేబుల్ మీద పెట్టింది. పాతదాని చివరి పేజీలు తీసింది. బాలనర్సింహ గుండ్రటి అక్షరాలు. మొదటి పేజీ అంతా టిక్కులే. ఆ పేజీలో అన్నిటికంటే కింద, కుట్టు దారం మడతలోకి ఒదిగిపోయి, ఒక వరస: "జన. 19. డానియేలు. జవాబు దాఖలుకు ఆఖరి గడువు."

దాని పక్కన టిక్కు లేదు.

తర్వాతి సంవత్సరం డైరీలో జనవరి పందొమ్మిది తీసింది. మూడు కేసులున్నాయి. తండ్రిది లేదు.

రూప ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టింది. కింద గల్లీలో ఎవరో ఆటో హారన్ కొడుతున్నారు. ఇన్నాళ్లూ ఆమె తన మనసులో ఒక దుర్మార్గుణ్ణి పెంచింది. ఎదుటి పక్షంతో కుమ్మక్కయినవాడు, లైన్‌మన్ ముఖం చూసి లోపల నవ్వుకున్నవాడు. వాడికి రోజూ తన నిద్రలోంచి, తన సంసారంలోంచి కొంచెం కొంచెం తీసి మేత వేసింది. ఇప్పుడు తీరా చూస్తే ఒక కుట్టు మడత. ఒక ఎర్ర టిక్కు. తన పగ మీద పగ వచ్చింది. పొరపాటును ఎట్లా శిక్షిస్తారు?

డైరీ మూసేయబోయింది. అలవాటు కొద్దీ బొటనవేలితో పేజీలు చరచరా వదిలింది. ఫిబ్రవరి దగ్గర పై మూలల్లో ఏదో సన్నగా కదిలినట్టనిపించి ఆగింది.

పెన్సిల్ అంకెలు. ఫిబ్రవరి పద్నాలుగు పేజీ పైన: 1. పదిహేను పైన: 2. ఆ తర్వాత 3, 4, 5.

ఫిబ్రవరి పదమూడున తండ్రి మీద ఏకపక్షంగా తీర్పు వచ్చింది. ఆ మర్నాటినుంచే లెక్క మొదలు. ఈ ఆఫీసులో రూప అలాంటి కాగితాలు ఎన్నో టైపు చేసింది. మనం లేకుండా వచ్చిన తీర్పును రద్దు చేయమని అడగడానికి ముప్పై రోజుల గడువు ఉంటుంది. కోర్టు ఫోన్‌కు పంపే మెసేజ్ ఆ రోజే ఈ ఆఫీసుకు వచ్చి ఉంటుంది. ఇక్కడి కేసులన్నిటికీ కోర్టులో ఇచ్చే నంబరు ఆఫీసుదే. క్లయింట్లది ఇవ్వరు. "వాళ్లకెందుకు, పరేషాన్ అయితరు," అంటాడు బాలనర్సింహ.

ఆమె ఒక్కొక్క పేజీ తిప్పింది. 9 దగ్గర శ్రీపాద సన్న చేతిరాత: "డా. వచ్చాడు." డా. అంటే డానియేలు. 17 దగ్గర: "డా. వచ్చాడు." 26 దగ్గర: "డా. వచ్చాడు. టీ తాగాడు."

మార్చి పదిహేను. 30. దాని కింద రెండు గీతలు.

పదహారో తారీఖు పేజీ పైన ఏమీ లేదు.

చింతపండు మళ్లీ నాలుక కిందికి వచ్చింది. ఈసారి చాలా ఊరింది.

---

నాలుగు గంటలకు శ్రీపాద కునుకు తీసి లేచి, కండువాతో మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. రూప డైరీ దాచలేదు. ఆయన వైపు తిప్పి పెట్టింది.

"ముప్పై కింద రెండు గీతలు గీసిన్రు. రెండెందుకు సార్? ఒకటి సరిపోలేదా?"

ఆయన డైరీని చూశాడు. కళ్లద్దాలు తీశాడు గానీ తుడవలేదు. నడిచి వెళ్లి, తన కుర్చీని వదిలేసి, గోడవారన క్లయింట్లు కూర్చునే బల్ల మీద చతికిలబడ్డాడు.

"తొమ్మిదో రోజు పొద్దున పది ఐదుకు వచ్చిండు," అన్నాడు. "నేను ఇంక స్నానం గూడ చేయలేదు. ఈ బల్ల మీదనే కూచున్నడు మీ నాన్న."

మీ నాన్న. అంటే తెలుసన్నమాట.

"ఎప్పటిసంది ఎరుక మీకు?"

"నువ్వు చేరిన రెండో నెల. ఫోన్ వచ్చినప్పుడల్లా పేరు పక్కన టైము వేస్తవు. పది ఇరవై ఏడు. నాలుగు పదిహేడు. ఏడు అంకెకు నడుమ అడ్డగీత పెడతవు. ఇక్కడ వచ్చిపోయేవాళ్ల పుస్తకంల అట్ల టైము వేసి సంతకం పెట్టిన క్లయింటు ఒక్కడే. ఏడు కూడ అట్లనే రాసేటోడు."

చిన్నప్పుడు డానియేలే ఆమెకు అంకెలు దిద్దించాడు. తడిచెయ్యి తగిలితే ఏడు ఒకటిలాగా అయిపోతుందని, వాల్వు బుక్కులో మోసం రాకూడదని, అడ్డగీత పెట్టడం నేర్పాడు.

"మరి తెలిసినంక ఎందుకు ఉంచుకున్నరు? పొమ్మనొద్దా?"

"పొమ్మంటే ఎందుకో చెప్పాలె గద."

ఆయన అది తమాషాకు అనలేదు. రూప ఆ మనిషిని అప్పుడు కొంచెం అర్థం చేసుకుంది. అర్థమైనందుకు ఇంకా కోపం వచ్చింది.

"అట్లయితే నా బ్యాగుల ఉన్న కవరు గూడ..."

"ఎల్లేష్ మర్నాడే అడిగిండు, గుడి కాడ. సార్, రిజిస్ట్రీ ముట్టిందా అని. ముట్టింది అన్న. కమిటీ నుంచని ఆయనే చెప్పిండు, పోయి ఫిర్యాదు నకలు తెచ్చుకున్న."

పన్నెండు సాయంత్రాలు. తాను లోకంలో ఎవరికీ కనపడకుండా చప్పరించుకున్న ఆ రెబ్బ. ఆయన ఎదురుగా నిలబడి, కళ్లద్దాలు తుడుచుకుంటూ, తన నోరు కదలడం చూస్తూనే ఉన్నాడన్నమాట. బట్టలు మార్చుకుంటుంటే కిటికీలోంచి చూసినట్టనిపించింది రూపకు.

"తెలిసి మరి రోజు ఎందుకడిగిన్రు? టపా వచ్చిందా అమ్మా, టపా వచ్చిందా అమ్మా అని? నాటకమా?"

"నువ్వు చెప్తవేమో అని."

"మా బాపు గూడ గందుకే అడిగిండు సార్." గొంతు పెరగకుండా చూసుకుంది. ఎనిమిది నెలలుగా ఈ వాక్యాలు ఆమె వంటింట్లో, బస్సులో, బాత్రూంలో అనుకుని అనుకుని నున్నగా చేసి పెట్టుకుంది. "మూడు మాట్ల అచ్చిండు. పేషీ ఎప్పుడు సార్, పేషీ ఎప్పుడు సార్ అని. మీరేమన్నరు? 'ఇంక పడలేదు, పడితే నేనే ఫోన్ చేస్త, ఫికర్ చేయకు' అన్నరు. ఇంటికచ్చి మాకు ధైర్నం చెప్పిండు ఆయన. మర్చిపోయిన్రు, సరే. మడతల పడ్డది, సరే. మనిషన్నంక మర్చిపోతడు. గీ ముప్పై దినాలేంది? దినాం లేసి పెన్సిల్ తీసి అంకె ఏస్కున్నరు గద! తొమ్మిది అని రాసిన చెయ్యితోనే ఆయనకు ఛాయ్ ఇచ్చిన్రా?"

"ఛాయ్ ఇరవై ఆరో రోజు," అన్నాడు శ్రీపాద.

అలా సరిచేసినందుకు ఆయనే ఉలిక్కిపడ్డాడు. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని నేలకేసి చూశాడు.

"చెప్పుండ్రి," అంది రూప. "నాకు కాదు, డైరీకి చెప్పుండ్రి."

"పిటిషన్ రాద్దామనే కూచున్న. అది వేయాలంటే ఒక అఫిడవిట్ ఉండాలె. ఆ రోజు క్లయింటు ఎందుకు రాలేదో కారణం రాయాలె. కారణం నేను." ఆయన ఆగి మళ్లీ మొదలుపెట్టాడు. "నీకు తెల్వనిదేముంది, నువ్వే టైపు చేస్తవు. అందరం జ్వరం రాస్తం. జ్వరం, కామెర్లు, నడుము నొప్పి. ముప్పై నాలుగేళ్లల్ల ఎంతమందికి జ్వరం తెప్పించిన్నో. జడ్జిలకు తెలుసు, ఎదుటి వకీలుకు తెలుసు. ఒక డాక్టరు చీటీ పెడితే అయిపోతది. కాని మీ నాన్న చదవకుండ సంతకం పెట్టడు. 'నాకెప్పుడొచ్చింది సార్ జ్వరం?' అంటడు. అప్పుడు ఆయన మొహం చూసి చెప్పాలె. రేపు చెప్త, రేపు చెప్త అనుకున్న. అంకె వేసిననాడల్ల అదే అనుకున్న."

రూప తన బ్యాగు వైపు చూడలేదు. కుర్చీ వెనక వేలాడుతున్న దాని బరువు మాత్రం భుజానికి తెలుస్తూనే ఉంది. చదవకుండా సంతకం పెట్టడన్న మాట ఒకప్పుడు నిజమే. వకీలు ముందు చదివేవాడు. కూతురు ముందు చదవలేదు.

"తిడతడని భయపడ్డరా?"

"తిట్టేటోడైతే మొదటి రోజే చెప్పేవాణ్ణి. నమ్మినోని ముందర నోరు రాలేదు."

ఈ మాట నిజమని ఆమెకు తెలిసింది. తండ్రి మొహం ఎలాంటిదో ఆమెకు తెలుసు. ఎదుటివాడి తప్పును తనకంటే ముందే క్షమించి కూర్చునే మొహం అది. దాని ముందు ఎవరికైనా ఊపిరాడదు. ఆ సంగతిలో తనూ ఈ వకీలూ ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు. ఆ ఆలోచన రాగానే రూప దాన్ని కాలితో తొక్కేసింది.

"అయితే రేపు వస్తరన్నట్టు."

"వస్త. ఈ డైరీ పట్టుకొని వస్త. ఉన్నది ఉన్నట్టు చెప్త."

ఆమెకు కావలసింది అది కాదు. ఒప్పుకుంటే అందరూ అయ్యో అంటారు. పెద్దమనిషి, ఒప్పుకున్నాడు అంటారు. ఆమెకు కావలసింది వరండా, పిలుపు, జవాబు రాని ఖాళీ. ఆ ఖాళీ తన తండ్రి పేరు చుట్టూ మూడేళ్లుగా ఉంది. దాన్ని తీసి ఈయన పేరుకు తొడగాలి. మనిషి వచ్చి నిలబడితే ఎట్లా తొడుగుతుంది?

"రాకుండ్రి," అంది. తన నోట్లోంచి వచ్చింది బతిమాలడంలా వినిపించి సిగ్గుపడింది.

శ్రీపాద తల ఎత్తాడు. "డానియేలు వస్తున్నడా?"

"బాపుకు జ్వరం."

ఆ మాట వచ్చేసింది. ఇన్నాళ్లు బ్యాగులో ఉండి ఉండి దానంతట అదే నాలుక మీదికి నడిచి వచ్చింది.

"ఎన్ని రోజులసంది?" శ్రీపాద గొంతులో ఎక్కడో నిద్రపోతున్న వకీలు లేచాడు.

రూప టేబుల్ మీది ఎర్ర పెన్నుకు మూత బిగించింది.

"ఈ ఫిర్యాదు సంగతి ఆయనకు తెలుసా అమ్మా?"

"సంతకం ఆయనదే."

"సంతకం నేను గూడ చూసిన. నా వకాలత్ మీద పెట్టినట్టే ఉన్నది. నమ్మి పెట్టినట్టు."

ఆయన మోకాలు పట్టుకుని లేచాడు. టేబుల్ మీదున్న తన సెల్‌ఫోన్ తీశాడు.

"ఏం చేస్తున్నరు?"

"మూడేళ్లు లేటుగ చేస్తున్న."

నంబరు ఆయన వెతకలేదు. కంఠతా ఉన్నట్టుంది, ఒక్కొక్క అంకే నొక్కాడు. రూప చెయ్యి లేచింది గానీ ఫోన్ దాకా పోలేదు. బాపు రేపు వస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. చేతులు జోడించి, పోనియ్యండి సార్ అంటాడు. కమిటీ వాళ్లు ఊపిరి పీల్చుకుని ఫైలు మూస్తారు. ముప్పై నాలుగేళ్లు మనుషుల్ని చదివిన ఈ వకీలుకు ఆ మాత్రం తెలియదా? ఇది పశ్చాత్తాపమా, ఎత్తా? ఆమె ఆయన మొహంలో వెతికింది. రెండూ ఉన్నట్టే ఉన్నాయి. ఏది ఏదో ఆయనకే తెలిసినట్టు లేదు.

శ్రీపాద స్పీకర్ నొక్కి ఫోన్‌ను డైరీ మీద, ముప్పై అంకె ఉన్న పేజీ మీద, పెట్టాడు. నాలుగు రింగులు.

"హలో, ఎవరండి?"

"డానియేలు గారూ, నేను శ్రీపాదను."

గారూ అని ఆయన ఎన్నడూ అనలేదు. అవతల కూడా అది వినపడినట్టుంది.

"సార్! నమస్తే సార్. బాగున్నరా? మోకాలు ఎట్లున్నది సార్, తగ్గిందా?"

రూప పళ్లు బిగించింది.

"డేట్ పడ్డది డానియేలు గారూ. రేపు శుక్రవారం, పొద్దున పదిన్నరకు. మీరు స్వయంగ రావాలె. అది చెప్దామనే చేసిన."

"పదిన్నర," అన్నాడు డానియేలు. మళ్లీ, నెమ్మదిగా, "పదిన్నర." తర్వాత ఇనుప బీరువా సొరుగు లాగిన చప్పుడు. ఆ సొరుగులో ఏముందో రూపకు తెలుసు. మూడేళ్లుగా దాన్ని ఎవరూ లాగలేదు. "సార్, నా గడియారం ఆగిపోయింది. ఇప్పుడెంత అయితున్నది?"

"నాలుగు ముప్పై ఏడు."

కీ తిప్పుతున్న సన్నటి కరకర ఫోన్‌లోంచి వచ్చింది. ఎక్కడా ఆగకుండా, వాల్వు తిప్పినంత శ్రద్ధగా.

"వస్త సార్. పది కల్లా ఉంట. గని మనది అయిపోయిందన్నరు గద? ఇదెవరి మీద కేసు?"

శ్రీపాద రూపను చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన కళ్లు దించలేదు.

"అది మీ అమ్మాయి చెప్తది. ఇక్కడనే ఉన్నది, నా ఎదురుంగ."

"మా రూపనా?" నవ్వబోయి ఆగాడు డానియేలు. "అది బేగంబజార్ల పని చేస్తది సార్. మీ కాడికెందుకొస్తది?"

కరకర ఆగింది.

"రూపా?"

ఆమె గొంతులో చింతపండు లేదు, ఏమీ లేదు. ఎనిమిది నెలలుగా ఆమె ఈ వరండాను ఎంతో శ్రద్ధగా కట్టింది. జవాను నిలబడే చోటు, గొంతు లేచే తీరు, జవాబు రానప్పుడు ఎంతసేపు ఆగుతారో, అంతా. పేరు ఒక్కటే వేరేది అనుకుంది.

"రూపా, ఉన్నవా బిడ్డా?"

రెండు. మూడోదానికి ముందు ఎవరైనా ఒక్క ఊపిరి మేర ఆగుతారు. ఆ తర్వాత కాగితం మీద రాసేస్తారు. ఎదురుగా శ్రీపాద, చేతిలో పెన్సిల్ లేకపోయినా, ఏదో లెక్కపెడుతున్నవాడిలా నిలబడి ఉన్నాడు.

ఫోన్‌లో తండ్రి ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది.